పాస్‌వర్డ్ వాల్టా, గంటలో చెల్లిపోయే సర్టిఫికెట్టా?

రూట్, అడ్మిన్ ఖాతాలకు (యంత్రంలో ఏదైనా చేయగల అధికారం ఉన్నవి) కాపలా కాసే సాఫ్ట్‌వేర్లు ముఖ్యంగా రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి పాస్‌వర్డ్‌ను వాల్టులో, అంటే తాళం వేసిన డిజిటల్ ఖజానాలో దాచి, వాడాక మార్చేస్తుంది. రెండోది పాస్‌వర్డ్ ఊసే లేకుండా, గంటకో రెండు గంటలకో గడువు తీరే ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) సర్టిఫికెట్ ఇస్తుంది.

వాల్టు పనికొచ్చేది పాత సరుకుకు: విండోస్ సర్వర్లు, డేటాబేస్‌లు, నెట్‌వర్క్ స్విచ్‌లు. చిక్కంతా మార్పిడి దగ్గరే. వీఎంను (వర్చువల్ మెషీన్) వారం కిందటి స్నాప్‌షాట్‌కు, అంటే అప్పుడు దాచిన నకలుకు తీసుకెళ్తే లోపల పాత పాస్‌వర్డ్, వాల్టులో కొత్తది. ఇక లాగిన్ అవదు. వాల్టు పాత పాస్‌వర్డ్‌లను ఎన్నాళ్లు ఉంచుతుందో డెమోలోనే అడగండి. అదే ఖాతాతో నడిచే షెడ్యూల్డ్ టాస్కులు కూడా, కొత్త పాస్‌వర్డ్ అక్కడా మార్చకపోతే, మార్పిడి జరిగిన రాత్రే ఆగిపోతాయి.

క్లౌడ్‌లో పొద్దున పుట్టి సాయంత్రం పోయే లినక్స్ యంత్రాలకు సర్టిఫికెట్టే నయం. యంత్రాలు పుట్టే మూల ఇమేజ్‌లో సీఏ (సర్టిఫికెట్లపై సంతకం చేసే సంస్థ) పబ్లిక్ కీ పెట్టి, ఎస్ఎస్‌హెచ్‌డీ (లాగిన్లను స్వీకరించే సర్వర్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో ఒక్క లైను రాస్తే చాలు. సర్వర్ గడియారం రెండు నిమిషాలు వెనకబడినా కొత్త సర్టిఫికెట్‌ను తిప్పికొడుతుంది. అందుకే చెల్లుబాటును 5 నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టాలి. గడువు చూసేది లాగిన్ అప్పుడే, తెరిచిన సెషన్ దానంతట అది తెగదు. పాత ఆథరైజ్డ్ కీస్ ఫైళ్లు (గడువు లేకుండా లాగిన్‌కు అనుమతించే కీల జాబితాలు) తీసేయలేదా, వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే.

ట్రయల్‌లో ఆ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్‌నే ఓసారి ఆపి చూడండి. లాగిన్లన్నీ దాని గుండానే వెళ్లే ప్రాక్సీ మధ్యలో లేకుంటే, చేతిలో ఉన్న సర్టిఫికెట్ గడువు దాకా పనిచేస్తుంది. వాల్టు ఆగితే మాత్రం సీల్డ్ కవర్లో దాచిన అత్యవసర ఖాతాయే దిక్కు.