శాన్ ఫ్రాన్సిస్కోలో ఏషియన్ బ్రంచ్: శాకాహారులతో వెళ్తే ఏం తినొచ్చు, బిల్లు ఎంతవుతుంది

శాన్ ఫ్రాన్సిస్కో చూడటానికొచ్చే మనవాళ్లలో చాలామంది పర్యాటకుల రేవు ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గరే తిండి కానిచ్చేస్తారు. అక్కడ ధర ఎక్కువ, రుచి అంతంతమాత్రం. గోల్డెన్ గేట్ పార్కుకు దక్షిణాన ఆనుకుని ఉన్న ఇన్నర్ సన్‌సెట్ అనే పేటకి ఒక పూట కేటాయించి చూడండి. డాలస్ నుంచి అత్తయ్య, మామయ్యలతో కలిసి వెళ్లినప్పుడు మేం అదే చేశాం. ఎన్-జూడా రైలు నైన్త్ అవెన్యూ, అర్వింగ్ స్ట్రీట్ మూలలో దింపుతుంది. అటూ ఇటూ రెండు వీధులు నడిస్తే చాలు, ఏం తినాలన్నా దొరుకుతుంది. మేం అక్కడే ఒక చిన్న ఏషియన్ కేఫ్‌లో బ్రంచ్, అంటే టిఫినుకీ మధ్యాహ్న భోజనానికీ మధ్య తినేది, తిన్నాం.

బస గురించి రెండు ముక్కలు. యూనియన్ స్క్వేర్ వైపు హోటళ్లలో గది అద్దె కాక, కారు పెట్టుకోవడానికే రాత్రికి యాభై డాలర్ల పైన వదులుతుంది. మేం లాంబార్డ్ స్ట్రీట్‌లో ఒక పాత మోటల్ తీసుకున్నాం. పార్కింగ్ ఉచితం, గది శుభ్రం, గోడలు మాత్రం పల్చన. పక్క గదిలో అలారం మోగితే మామయ్య లేచి కూర్చున్నారు. జులై అయినా స్వెట్టర్లు తప్పనిసరి. పొద్దున్న పొగమంచు, మధ్యాహ్నం గాలి.

ఇక కేఫ్ విషయం. పేటలో వాళ్లు నడిచి వచ్చి తినిపోయే చిన్న చోటు. సన్‌సెట్‌లో చైనా మూలాలున్న కుటుంబాలు చాలా ఎక్కువ. కొంచెం దక్షిణాన డేలీ సిటీ నిండా ఫిలిప్పీన్స్ వాళ్లు. 1965 వలస చట్టం తర్వాత ఆసియా నుంచి వలసలు పెరిగి ఈ పేటల రూపమే మారింది. అందుకే ఇక్కడి బ్రంచ్ మెనూలో కిమ్చీ (కొరియా వాళ్ల పులియబెట్టిన క్యాబేజీ) ఫ్రైడ్ రైస్ పక్కనే ఊబె (ఊదారంగు పెండలం) వాఫుల్, దాని కింద హాంకాంగ్ ఫ్రెంచ్ టోస్ట్, ఆ పక్కన హవాయి వాళ్ల స్పామ్ ముసుబి (డబ్బా పంది మాంసం పెట్టిన అన్నం ముద్ద) కనిపిస్తాయి. ధరలు ఒక్కో ప్లేటుకు 17 నుంచి 24 డాలర్లు.

అత్తయ్య గుడ్డు కూడా తినరు. అసలు పరీక్ష అదే. మెనూలో పుట్టగొడుగుల కాంజీ చూసి, బియ్యం జావే కదా, అది చెప్పేద్దాం అనుకున్నాం. మా అమ్మాయికి అనుమానమొచ్చి అడిగితే, ఉడికించేది చికెన్ స్టాక్‌లో అని తేలింది. ఇలాంటి చోట్ల పేరు చూసి శాకాహారం అనుకోకూడదు. మామూలు కిమ్చీలో ఉప్పురొయ్యలో ఫిష్ సాసో ఉంటుంది. జపనీస్ పులుసుల్లో దాషి అంటే ఎక్కువగా ఎండు చేప తురుముతో కాచిన రసమే. గోధుమరంగు సాస్ కనబడితే అందులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ ఉందేమో అడగాల్సిందే.

సర్వ్ చేసే అమ్మాయి మాత్రం మా మనసు గెలుచుకుంది. విసుక్కోకుండా లోపలికి వెళ్లి, టోఫు (సోయా పనీర్) రైస్ బౌల్‌లో వాడే సాస్ సీసానే పట్టుకొచ్చి, పుట్టగొడుగులతో చేసిన రకం అని లేబుల్ చూపించింది. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ సన్న అక్షరాలన్నీ చదివి, "సరేలేమ్మా, పెట్టమను" అన్నారు. గుడ్డు తీసేసి, పాన్ విడిగా కడిగి చేయించారు. వేయించిన వెల్లుల్లి, నూనెలో మగ్గిన దోసకాయ ముక్కలు, అంచులు కరకరలాడే టోఫు. పక్కన చిన్న గిన్నెలో చిల్లీ క్రిస్ప్ (నూనెలో వేయించిన మిరప కారం) అడిగి తెచ్చుకుని అన్నంలో కలుపుకున్నారు. "కారం తక్కువే గానీ కమ్మగా ఉందే" అన్నారు. ఆవిడ నోట అమెరికా తిండికి అంత మంచి మాట రావడం మాకూ కొత్తే.

నేను తీసుకున్న కిమ్చీ ఫ్రైడ్ రైస్ ఆ పూట అన్నిటికంటే బాగుంది. అడుగున అన్నం కాస్త మాడి పట్టింది, కావాలనే అలా చేస్తారు. పైన గుడ్డు పచ్చసొన చిదిపితే పులుపు, కారం కొంచెం మెత్తబడతాయి. మా వారి హాంకాంగ్ టోస్ట్ రెండు బ్రెడ్డు ముక్కల మధ్య వేరుశనగ వెన్న పెట్టి, గుడ్డులో ముంచి, నూనెలో వేయించి, పైన వెన్న ముక్క పెట్టి, మనం మిల్క్‌మెయిడ్ అనే తీపి పాలు ధారగా పోసింది. ఒక్కరు తినలేరు, నలుగురూ పంచుకుంటే బాగుంటుంది. మామయ్య రెండు ముక్కలు తిని, షుగర్ మాత్ర వేసుకున్నానా లేదా అని గుర్తు చేసుకుంటూ కూర్చున్నారు.

ఊబె వాఫుల్ దగ్గర మాత్రం డబ్బు దండగ. ఊబె ఫిలిప్పీన్స్ వాళ్లు మిఠాయిల్లో వాడే ఊదారంగు పెండలం. అసలు రుచి మెత్తగా, కాస్త జీడిపప్పు కమ్మదనంతో ఉంటుంది. ఇక్కడ రంగు తప్ప ఇంకేం తెలియలేదు. మాచా లాటే (జపాన్ గ్రీన్ టీ పొడి కలిపిన పాలు) కూడా పచ్చటి పాలలాగే ఉంది. నాకు అర్థమైనంతలో, ఎవరో తమ ఇంట్లో తిని పెరిగిన అన్నం, గుడ్డు, టోస్టు వంటకాలు ఈ కేఫ్‌లో గట్టిగా ఉన్నాయి. ఫోటో కోసం కలిపినవి తేలిపోయాయి. ఫోన్లు పైకి లేచింది మాత్రం వాఫుల్ వచ్చిన టేబుళ్ల దగ్గరే.

బిల్లు చూసి కాస్త ఆగాం. తిండి 100 డాలర్లు అనుకోండి. దానిపై 5 శాతం సర్‌ఛార్జ్, అంటే అదనపు రుసుము, వేశారు. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు వాళ్ల ఆరోగ్య ఖర్చు భరించాలని ఈ నగరంలో 2008 నుంచి నిబంధన ఉంది. ఆ భారాన్నే కొన్ని హోటళ్లు ఇలా మనకు చూపిస్తాయి. మెనూ అడుగున రాసి ఉంది, అక్షరాలు మాత్రం చీమతలంత. ఆపై 8.625 శాతం పన్ను, 18 శాతం టిప్పు. వెరసి దాదాపు 132. కాలిఫోర్నియాలో సర్వర్లకు టిప్పుల పేరుతో కనీస వేతనం కోయడం చెల్లదు. డాలస్ ఉన్న టెక్సాస్‌లో గంటకు 2.13 డాలర్ల మూలవేతనం మీద నడిచే వాళ్లతో పోలిస్తే ఇక్కడి పరిస్థితి వేరు. అయినా సీసా పట్టుకొచ్చిన అమ్మాయికి మేం 18 బదులు 20 శాతం ఇచ్చాం, ఇవ్వాలనిపించింది.

శని, ఆదివారాల్లో వెళ్తే గంట దాకా బయట నిలబడాలి. అందరూ వస్తే గానీ కూర్చోనివ్వరు, బెంచీ ఒక్కటే ఉంది. పెద్దవాళ్లుంటే మోటల్ నుంచి బయల్దేరే ముందే ఆన్‌లైన్ వెయిట్‌లిస్ట్‌లో పేరు వేసేయండి. కారులో బ్యాగులు కనబడేలా వదలొద్దు, అద్దాలు పగలగొట్టి తీసుకెళ్లడం ఈ ఊళ్లో మామూలే.

వీలైతే సోమ, బుధ, శుక్రవారాల్లో వెళ్లండి. పార్కులో 1894 నాటి అంతర్జాతీయ ప్రదర్శన కోసం కట్టిన జపనీస్ టీ గార్డెన్‌లో ఈ మూడు రోజుల్లో ఉదయం పది లోపు ప్రవేశం ఉచితం. తొమ్మిదికల్లా లోపలికి వెళ్లి, వంతెనలూ చేపలూ చూసుకుని, బొటానికల్ గార్డెన్ పక్కగా మెల్లగా నడిస్తే పదిన్నరకు కేఫ్‌లో ఉంటారు. అప్పటికి ఖాళీ టేబుల్ దొరుకుతుంది, ఆకలీ వేస్తుంది.