మాస్టారికి ఫుల్ మార్కులు, ఇన్‌స్టిట్యూట్‌కి పాస్ మార్కులు

రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రిపేరు చేయడం నా పని. మాన్యువల్స్, కంపెనీ మెయిల్స్ అన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. అందుకని భీమవరంలో మేడ మీద నడిచే ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాను. పేరు రాయను.

మాస్టారు రిటైర్డ్ లెక్చరర్. 'రన్' అనే ఒక్క క్రియ పట్టుకుని క్లాసంతా నడిపేశారు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్లు క్రియగానే దీనికి 645 అర్థాలు తేల్చారట. 1989 ముద్రణలో అన్నిటికన్నా పొడుగు వివరణ 'సెట్' అనే మాటది, తర్వాత రన్ దాన్ని దాటేసింది. పాత ఇంగ్లీషులో ఇది 'రిన్నన్', పరుగుకీ నీటి పారుదలకీ అదే మాట. జర్మన్‌లో మాత్రం పరుగుకి 'రెన్నెన్', నీళ్లు కారడానికి 'రిన్నెన్' అని ఇప్పటికీ వేరువేరుగా ఉన్నాయి. మన చేల మధ్య బోదెలాంటి సన్నటి కాలువని ఇంగ్లీషులో 'రన్నెల్' అంటారు. అదీ ఈ కుటుంబమే.

"కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు. మనకీ మాట ఒకటే కదండీ, మరి రన్ అంటే టెన్షన్ ఎందుకు?" అన్నారు. ముక్కు కారినా, షాపు నడిపినా రన్నే. ఎన్నికల్లో నిలబడితే బ్రిటన్‌లో 'స్టాండ్' అంటారు, అమెరికాలో 'రన్' అంటారు. నిలబడ్డవాడూ పరిగెత్తినవాడూ ఒకడే అన్నమాట!

నేను 'డ్రై రన్' సంగతి అడిగాను. నీళ్లు లేకుండా పంపు తిరిగితే సీలు మాడిపోతుంది, మాకు అదే డ్రై రన్. ఆఫీసుల్లో మాత్రం అసలు పనికి ముందు వేసుకునే రిహార్సల్ అట. డెమోకి ముందు డ్రై రన్ పెట్టమని ఓ కంపెనీ మెయిల్ ఎందుకు పెట్టిందో అప్పుడు వెలిగింది.

ఇక మిగతాది. మాస్టారు రాని రోజు వచ్చే కుర్రాడు జిరాక్స్ కాగితాలు చదివేసి వెళ్లిపోతాడు. బ్యాచ్‌లో జనం ఎక్కువ, నోరు విప్పి మాట్లాడే వంతు రానే రాదు. స్పోకెన్ అని బోర్డు పెట్టి ఇదేం పద్ధతి? కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు, దోమలు మాత్రం ఫుల్. ఫీజు మొత్తం ముందే కట్టించుకుంటారు, మానేస్తే రూపాయి వెనక్కి రాదు.

నెలలో ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు. చేరాలనుకుంటే మాత్రం, 'మాస్టారి బ్యాచ్' అని రసీదు మీద రాయించుకున్నాకే డబ్బులివ్వండి.