ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌లో ఓఎస్‌పీఎఫ్: రూట్ సమ్మరైజేషన్, డిఫాల్ట్ రూట్‌ల పనితీరుపై సమీక్ష

లినక్స్ సర్వర్‌ను పూర్తి స్థాయి రౌటర్‌గా వాడుకోదలచినవారికి అందుబాటులో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ఎఫ్‌ఆర్‌రౌటింగ్ ముఖ్యమైనది. క్వాగా అనే పాత రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి విడివడి 2017లో లినక్స్ ఫౌండేషన్ ప్రాజెక్టుగా వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్‌లో అనేక ప్రోటోకాల్‌లు ఉన్నా, ఈ సమీక్ష దాని ఓఎస్‌పీఎఫ్‌కు (ఒక సంస్థ నెట్‌వర్క్‌లోని రౌటర్లు దారులను పరస్పరం తెలుపుకునే ప్రోటోకాల్‌కు), అందులోనూ రూట్ సమ్మరైజేషన్ (అనేక రూట్లను ఒకటిగా కుదించి ప్రకటించడం), డిఫాల్ట్ రూట్ (వేరే రూటు లేని గమ్యాలన్నిటికీ వాడే దారి) ప్రకటన అనే రెండు పనులకే పరిమితం. పెరుగుతున్న నెట్‌వర్క్ నిలకడ చాలావరకు వీటిపైనే ఆధారపడుతుంది కనుక, ఏ రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌నైనా ముందు ఇక్కడే పరీక్షించాలని నా అభిప్రాయం.

ఓఎస్‌పీఎఫ్ వాడే లింక్-స్టేట్ పద్ధతిలో ఒక ఏరియాలోని (నెట్‌వర్క్‌ను విభజించిన ఒక భాగంలోని) రౌటర్లన్నింటి దగ్గరా లింకుల వివరాలతో ఒకే డేటాబేస్ ఉండి తీరాలి. అందువల్ల ఏరియా మధ్యలో రూట్లను కుదించడం కుదరదు. ఆ పని ఏరియాల సరిహద్దులోని ఏబీఆర్ అనే రౌటర్ దగ్గర, బయటి రూట్లకైతే వాటిని ఓఎస్‌పీఎఫ్‌లోకి తెచ్చే ఏఎస్‌బీఆర్ అనే రౌటర్ దగ్గర జరగాలి. ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌లో ‘ఏరియా రేంజ్’ ఆదేశం ఇస్తే 10.20.0.0 నుంచి 10.20.63.0 వరకు ఉన్న 64 సబ్‌నెట్‌లు బ్యాక్‌బోన్‌కు (మిగతా ఏరియాలను కలిపే కేంద్ర ఏరియాకు) ఒకే /18గా, అంటే మొదటి 18 బిట్లు ఒకటే అయిన ఒకే చిరునామా సమూహంగా కనిపిస్తాయి. వాటిలో ఏదో ఒక లింకు పదేపదే పడిపోయి లేస్తున్నా ఆ అలజడి ఏరియా దాటి బయటికి రాదు. అయితే సమ్మరీ (కుదించిన రూటు) కాస్ట్‌ను, అంటే దారి ఎంపికకు వాడే విలువను, ఓఎస్‌పీఎఫ్ ప్రమాణ పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 2328 చెప్పినట్టు, లోపలి రూట్లలో అత్యధిక కాస్ట్‌ను బట్టి లెక్కిస్తారు కాబట్టి ఆ ఒక్క రూటు మారితే సమ్మరీ కూడా మారుతుంది. రేంజ్‌కు స్థిరమైన కాస్ట్ ఇచ్చే వీలు ఇందులో ఉంది, దాన్ని వాడుకోవడం మంచిది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది, రేంజ్ అమల్లోకి రాగానే ఏబీఆర్‌లో అదే ప్రిఫిక్స్‌కు (చిరునామా సమూహానికి) ఒక బ్లాక్‌హోల్ రూటు (వచ్చిన ప్యాకెట్లను పారేసే రూటు) దానంతటదే చేరడం. దీని విలువ డిఫాల్ట్ రూట్‌తో కలిపి చూస్తేనే తెలుస్తుంది. లోపలి సబ్‌నెట్ ఒకటి పడిపోయినా, రేంజ్‌లో మరొక్కటి మిగిలి ఉన్నంతవరకు సమ్మరీ ప్రకటన కొనసాగుతుంది. పడిపోయిన సబ్‌నెట్‌కు వచ్చిన ప్యాకెట్‌ను, ఆ బ్లాక్‌హోల్ లేకపోతే, ఏబీఆర్ తన డిఫాల్ట్ రూట్ వెంట పైకి పంపుతుంది. పై రౌటరేమో సమ్మరీని నమ్మి దాన్ని మళ్లీ ఏబీఆర్‌కే పంపుతుంది. టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో తెలిపే లెక్క) అయిపోయేవరకు ప్యాకెట్ ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది. ఇంతటి లూప్‌ను ఆపే జాగ్రత్తను నిర్వాహకుడి జ్ఞాపకశక్తికి వదలకపోవడం నిజంగా మెచ్చుకోదగినది.

సాఫ్ట్‌వేర్ చూసుకోలేని విషయాలూ ఉన్నాయి. ఏరియాకు రెండు ఏబీఆర్‌లు ఉండి ఒకదానిలోనే రేంజ్ రాస్తే, రెండోది 64 రూట్లనూ విడివిడిగా ప్రకటిస్తుంది. పొడవైన, అంటే మరింత నిర్దిష్టమైన ప్రిఫిక్స్‌కే ప్రాధాన్యం కనుక ట్రాఫిక్ అంతా దానివైపే మళ్లుతుంది. అలాగే ఏరియా లోపల రెండుగా చీలితే, చెరో సగమే చేరుకోగల ఏబీఆర్‌లు రెండూ మొత్తం సమ్మరీని ప్రకటిస్తూనే ఉంటాయి.

డిఫాల్ట్ రూట్ విషయంలో ‘డిఫాల్ట్-ఇన్ఫర్మేషన్ ఒరిజినేట్’ ఆదేశం సరైన తీరులోనే పనిచేస్తుంది: రౌటింగ్ టేబుల్‌లో డిఫాల్ట్ ఉంటేనే ప్రకటిస్తుంది, పోతే వెనక్కి తీసుకుంటుంది. దానికి ‘ఆల్వేస్’ జోడిస్తే ఆ షరతు ఎగిరిపోతుంది. ఇంటర్నెట్‌కు రెండు దారులున్న చోట ఇది ప్రమాదకరం, ఎందుకంటే బయటి లింకు కోల్పోయిన రౌటర్ కూడా ట్రాఫిక్‌ను తనవైపు లాక్కుని పారేస్తూ ఉంటుంది. ఒకే దారి ఉన్న చిన్న నెట్‌వర్క్‌లకు తప్ప దీన్ని నేను సిఫార్సు చేయను. షరతుతో ప్రకటించినా, ఆ డిఫాల్ట్ స్టాటిక్ (నిర్వాహకుడు చేత్తో రాసిన) రూటు అయితే, మన లింకు బాగానే ఉండి సర్వీస్ ప్రొవైడర్ లోపల ఎక్కడో తెగినప్పుడు అది టేబుల్‌లోనే నిలిచిపోవచ్చు. ప్రొవైడర్ నుంచి బీజీపీ (వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌లు రూట్లు పంచుకునే ప్రోటోకాల్) ద్వారా డిఫాల్ట్ తీసుకుంటే, సెషన్ పడిపోయినా, ప్రొవైడర్ తన రూటు వెనక్కి తీసుకున్నా, ఓఎస్‌పీఎఫ్ ప్రకటన కూడా ఆగిపోతుంది.