పదింతల భూతద్దంతో ఆరేళ్లు

నా దగ్గరున్నది మడత భూతద్దం. కంసాలి నగ మీద ముద్ర చూడటానికి కంటికి ఆనించుకుంటాడే, అదే. గాజు బిళ్ల రెండు సెంటీమీటర్లుంటుంది, పైన స్టీలు తొడుగు, పదింతలు పెద్దది చేసి చూపిస్తుంది. ఆరేళ్ల కిందట మూడు వందల యాభై పెట్టి కొన్నాను. తర్వాత ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్ కూడా తీసుకున్నాను. ఈ రెండింటినీ రాజమండ్రిలో మా పెరట్లో దాదాపు రోజూ వాడుతున్నాను. పెరడంటే పెద్దదేం కాదు. రెండు కొబ్బరి చెట్లు, ఒక నిమ్మ, కరివేపాకు, ములగ, మందారాలు, రెండు మడుల్లో వంగ, బెండ, టమాటా.

కొనడానికి కారణం వంగ మొక్కలే. ఆ ఏడాది ఆకులన్నీ గీకేసి జల్లెడలా అయిపోయాయి. చూస్తే చుక్కల పురుగులు. "అక్షింతల పురుగమ్మా అది, మంచిది, దాని జోలికి పోకు" అన్నారు మా అత్తయ్య. అదే వారం వ్యవసాయం చేసే మా అన్నయ్య వచ్చి, "వంగకి అక్షింతల పురుగు పట్టిందే, మందు కొట్టకపోతే ఆకు మిగలదు" అన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక చివరికి మందే కొట్టాం. వంగ ఆకు తేరుకుంది గానీ, పక్క మడిలో బెండకి పేనుబంక విరగబడింది. మొక్క మొక్కంతా జిగురు, చీమలు.

తర్వాత తెలిసింది, అత్తయ్య చెప్పిందీ నిజమే, అన్నయ్య చెప్పిందీ నిజమే. మనం ఒకే పేరుతో పిలిచే రెండు రకాల పురుగులున్నాయి. వంగ ఆకు తినేదాన్ని శాస్త్రవేత్తలు హెనోసెపిలాక్నా అంటారు, దాని వీపు మీద సాధారణంగా ఇరవై ఎనిమిది చుక్కలుంటాయి. పేనుబంకను తినే అక్షింతల పురుగు వేరు. మందు రెండింటినీ కలిపి చంపేసింది. పేనుబంకను తినేది పోయాక దానికి అడ్డెవరున్నారు?

భూతద్దం కింద ఈ రెంటినీ చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. ఆకు తినేదాని వీపు మసకగా ఉంటుంది, దగ్గరగా చూస్తే ముఖమల్ గుడ్డలా సన్నటి నూగు కనిపిస్తుంది. పేనుబంకను తినే మన సాధారణ రకాలు కొత్తగా పాలిష్ పట్టినట్టు మెరుస్తుంటాయి. పిల్లల్లో తేడా ఇంకా ఎక్కువ. ఆకు తినేదాని పిల్ల పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మలు వేసిన ముళ్లతో ఉంటుంది. రెండోదాని పిల్ల నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. ఆ మొసలి పిల్లలే పేనుబంకను వందల లెక్కన తినేస్తాయి. మందు కొట్టక ముందు నేను వేళ్లతో నలిపేసినవి ఎక్కువగా అవే. చూడటానికి భయంకరంగా ఉన్నాయని నలిపేశాను. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక అద్దం గురించి. కొత్తగా కొన్నవాళ్లంతా దాన్ని పురుగు దగ్గర పెట్టి, తల దూరంగా ఉంచి చూస్తారు. అలా ఏమీ కనిపించదు. అద్దాన్ని కంటికి ఆనించి, ఆకునే దాని దగ్గరికి తీసుకురావాలి. పదింతల అద్దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో బొమ్మ తేటగా కుదురుతుంది. కళ్లజోడు తియ్యక్కర్లేదు. నేను మొదట ముప్పై ఇంతలు అని రాసి ఉన్నది కొని రెండు వారాల్లో పక్కన పెట్టేశాను. పురుగుకి మరీ దగ్గరగా వెళ్లాలి, చూసే జాగా చిన్నది, కాస్త చెయ్యి కదిలితే అంతా పోతుంది. పెరటికి పది చాలు.

అద్దంలో లోపాలు రెండే. మా గోదావరి తేమకి మూడో వానాకాలం గాజు అంచున సన్నటి బూజు గీతలు వచ్చాయి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, మూత బిగిసే చిన్న డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాక మళ్లీ రాలేదు. మడత దగ్గర మర వదులవుతుంటుంది, ఆర్నెల్లకోసారి బిగించుకోవాలి. అంతే.

క్లిప్ లెన్స్‌తో మాత్రం అంత తృప్తి లేదు. రెండు ఎండాకాలాలకే రబ్బరు గట్టిపడి ఫోన్ మీంచి జారిపోయేది, స్ప్రింగు తుప్పు పట్టింది, ఇంకోటి కొనాల్సి వచ్చింది. ఫోటో నడుమ బాగున్నా అంచులు మసక. దగ్గరికి వెళ్లేసరికి మన నీడే పురుగు మీద పడుతుంది. దానికి నేను చేసే ఉపాయం, పెళ్లి శుభలేఖ తెల్ల అట్టముక్కని పక్కన పెట్టి వెలుతురు తిప్పడం. గాలికి ఊగే కొమ్మని ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య పట్టుకుంటాను. అన్నిటికంటే ముఖ్యం వేళ. పొద్దున్నే, ఎండ ఎక్కక ముందు, చల్లదనానికి పురుగులు మందకొడిగా ఉంటాయి. తూనీగ కూడా కదలకుండా కూర్చుంటుంది.

ఫోటోలన్నీ ఐనేచురలిస్ట్‌లో పెడతాను, జనం తాము చూసిన జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తెలుసుకునే వెబ్‌సైటు అది. ఒక పురుగుకి కనీసం మూడు ఫోటోలు తీస్తాను. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, అది కూర్చున్న మొక్క ఒకటి. మొక్క తెలిస్తే సగం పేరు తెలిసినట్టే. ఎక్కడెక్కడి వాళ్లో చూసి పేరు చెబుతారు, చెప్పిన వాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఒప్పుకుంటేనే ఆ పేరు నిలుస్తుంది. చిన్న ఈగల్లో, చిన్న తేనెటీగల్లో చాలాసార్లు ప్రజాతి (జీనస్) వరకే తెలుస్తుంది, ఎందుకంటే అసలు తేడా రెక్కల ఈనెల్లో ఉంటుంది, అది ఫోన్ ఫోటోకి అందదు. ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంటి పెరటి ఫోటోలు పెట్టేవాళ్లు చోటు వివరాన్ని మసక చేసి పెట్టండి. ఆ సదుపాయం అందులోనే ఉంది.

ఈ ఆరేళ్లలో నన్ను ఎక్కువ కదిలించింది మందారం మీద పిండినల్లి. కొమ్మంతా దూది అంటించినట్టుంది. "బూజు పట్టిందమ్మా, పైపు పెట్టి కడిగెయ్" అన్నారు అత్తయ్య. పైపు తెచ్చాను కూడా. కడిగే ముందు అలవాటుగా అద్దం పెట్టి చూస్తే, ఆ దూదిలో ఒక ముద్ద మిగతావాటికంటే పొడుగ్గా ఉంది, మెల్లగా జరుగుతోంది. పిండినల్లుల మైనం పొడినే ఒంటికి పూసుకున్న గొంగళి పురుగు అది, కింద ఒక పిండినల్లిని తింటోంది. పైపు పక్కన పడేసి వారం రోజులు దాన్నే చూశాను. ఆకు మీద గూడు కట్టుకుంది. గూడు అర సెంటీమీటరుంటుందేమో, అద్దంలో చూస్తే అచ్చం కోతి ముఖం! రెండు కళ్లు, నొక్కుకుపోయిన ముక్కు, మూతి. అత్తయ్యకి చూపిస్తే "ఆంజనేయస్వామి" అని దణ్ణం పెట్టుకున్నారు.

దాని పేరు ఏప్‌ఫ్లై, సీతాకోకచిలుకే. బూడిద గోధుమ రంగు రెక్కలు, పెద్దయ్యాక ఎవరి కంటా పడని సాదా రూపం. పిల్లగా ఉన్నప్పుడు ఆకులు తినదు, పిండినల్లుల్నే తింటుంది. మన దేశపు పురుగు ఇది. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి పిండినల్లి బయటపడి తోటల్ని నాశనం చేసింది, అది మెక్సికో వైపు నుంచి వచ్చిన పురుగు. 2010లో దాని మీదికి ప్యూర్టోరికో నుంచి చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి వదిలారు. ఈలోపల మన ఏప్‌ఫ్లై ఆ కొత్త పిండినల్లిని కూడా తినడం మొదలుపెట్టింది. అలాంటిదాన్ని బూజని నేను ఎన్నేళ్లు కడిగేశానో.

కొబ్బరి చెట్ల కథ కూడా ఇలాంటిదే. 2016లో పొల్లాచ్చి దగ్గర కనిపించిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత మన కోస్తాకీ వచ్చింది. ఆకుల అడుగున తెల్లటి చుట్టలు, కింద ఆకుల మీద నల్లటి మసి. పడిపోయిన ఒక మట్టని తిరగేసి చూస్తుంటే చిన్న నలక ఒకటి నడుస్తోంది. అద్దంలో చూస్తే నలక కాదు, తను తిన్న వాటి చెత్తని వీపున మోసుకుతిరిగే అల్లికరెక్కల పురుగు (లేస్‌వింగ్) పిల్ల. ముందు రెండు కొడవళ్లలాంటి దవడలు. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఈ తెల్లదోమ మీదికి పెంచేది కూడా ఈ కుటుంబపు పురుగునే. దీని గుడ్లు మీరు చూసే ఉంటారు. ఆకు మీద వెంట్రుకంత కాడ, కాడ చివర ఆవగింజకంటే చిన్న తెల్లటి గుడ్డు. వాటిని దయచేసి తుడిచెయ్యకండి.

అద్దం వచ్చాక పెరట్లో కొన్ని పద్ధతులు మార్చాం. రసాయన మందు పూర్తిగా మానేశాం. వేపనూనె కూడా తోటంతా కొట్టను, అది మెత్తటి ఒంటి మంచి పురుగుల పిల్లల్నీ ఇబ్బంది పెడుతుంది. మరీ ఎక్కువైన కొమ్మకే, సాయంత్రం పూట, ముందు అద్దంతో చూశాక. కొత్తిమీర ఒక మడి కొయ్యకుండా పూతకి వదిలేస్తాను. ఆ తెల్లటి పూల మీద సిర్ఫిడ్ ఈగలు గాల్లో నిలబడి మరీ వాలతాయి, వాటి పిల్లలూ పేనుబంకనే తింటాయి. పెరడంతా సిమెంటు చేయిద్దామని మావారు అన్నప్పుడు గోడ వారన రెండడుగుల మట్టి వదిలెయ్యమని పట్టుబట్టాను. నీలి చారల తేనెటీగలు నేలలోనే గూళ్లు పెడతాయి మరి.

వాటి గురించి కొంచెం చెప్పాలి. వంగ పువ్వు నడుమ పసుపు రంగు తిత్తులుంటాయి కదా, అద్దంతో వాటి కొసని చూడండి, సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తాయి. పుప్పొడి వాటిలోంచే రాలాలి. మామూలు తేనెటీగ వల్ల కాదు. నీలి చారల తేనెటీగ, తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని ఒళ్లు అదిలిస్తాయి, జుమ్మని చప్పుడొస్తుంది, పుప్పొడి పొడిలా రాలుతుంది. మా వంగకి కాపు పెరిగింది వీటి వల్లే అని నా నమ్మకం. సందెవేళ నీలి చారల మగవి ఎండిన తీగని దవడలతో కరుచుకుని వరసగా వేలాడుతూ నిద్రపోతాయి. కాళ్లు వదిలేసి, పళ్ల పట్టు మీదే. మా దొండ పందిరికి కిందటి కార్తీకంలో తొమ్మిది ఉండేవి. అందుకని ఎండు తీగలు పూర్తిగా కత్తిరించడం మానేశాను.

ఆకులు కోసే తేనెటీగ కోసం అంగట్లో దొరికే తేనెటీగల ఇల్లు ఒకటి కొని మోసపోయాను. అందులో ప్లాస్టిక్ గొట్టాలున్నాయి, వానలకి లోపల తడి చేరి బూజు పట్టింది. దాన్ని తీసేసి, ఒక చివర కణుపు మూసి ఉన్న సన్న వెదురు ముక్కలు, చిటికెన వేలు పట్టీపట్టనంత రంధ్రం ఉన్నవి, కట్టగట్టి చూరు కింద వేలాడదీశాను. ఆ ఏడాదే నిండాయి. గులాబీ ఆకు అంచున కంపాస్‌తో గీసి కోసినట్టు గుండ్రటి ముక్క పోయి ఉంటే అది తెగులు కాదు, ఈ తేనెటీగ తన పిల్లకి పక్క పరచడానికి తీసుకెళ్లింది. మొక్కకి దాని వల్ల ఏమీ కాదు.

కిటికీ చువ్వకి మట్టి కుండ కట్టిన కందిరీగని కూడా ఇప్పుడు కదపను. భ్రమరకీటక న్యాయం అని మనవాళ్లు చెప్పేది దీన్ని చూసే. కందిరీగ గొంగళి పురుగుని తెచ్చి కుండలో పెట్టి మూస్తుంది, కొన్నాళ్లకి కందిరీగ బయటికొస్తుంది, పురుగే కందిరీగ అయిందని పెద్దలు అనుకున్నారు. నిజానికి ఆ గొంగళి కందిరీగ పిల్లకి తిండి. మా బెండకాయ పురుగు చాలావరకు ఆ కుండల్లోకే పోతోంది.

నిమ్మ మొక్క మీద పక్షి రెట్టలాంటి గొంగళ్లు కనిపిస్తే నాలుగైదు ఆకులు వాటికి వదిలేస్తాను. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి, ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాపి ఘాటు వాసన కొడతాయి. అన్నీ బతకవు, పిట్టలు తింటాయి. మిగిలినవి నిమ్మ సీతాకోకచిలుకలవుతాయి. ఆరుద్ర కార్తెలో పిల్లలు ఆరుద్ర పురుగు తెచ్చి చూపిస్తే అద్దంలో కాళ్లు లెక్కపెట్టమంటాను. ఎనిమిది. అంటే సాలీడుకి చుట్టం.

మొన్న పక్కింటి పిన్నిగారు వంగ ఆకు ఒకటి పట్టుకుని గోడ దగ్గరికొచ్చారు. "మందు తెచ్చానమ్మా, కొట్టే ముందు నీ అద్దంతో ఓసారి చూడు" అన్నారు. ఆకు మీద పసుపు ముళ్ల పిల్లలు ఏడున్నాయి, ఆకు తినేవే. అయిదు కదులుతున్నాయి, వాటిని ఏరి సబ్బు నీళ్లలో వేశాం. రెండు మాత్రం ఉబ్బి, గోధుమ రంగుకి తిరిగి, ఆకుకి అతుక్కుపోయి కదలకుండా ఉన్నాయి. వాటి లోపల పీడియోబియస్ అనే కందిరీగ పిల్లలు పెరుగుతుంటాయి. 1966లో అమెరికా వాళ్లు తమ చిక్కుడు పంటని తినే పురుగు కోసం మన దేశం నుంచి పట్టుకెళ్లింది ఈ కందిరీగనే. ఆ రెండూ ఉన్న ఆకు ముక్కని కత్తిరించి, మళ్లీ పిన్నిగారి వంగ మొక్కకే దారంతో కట్టాం. మందు డబ్బా మూత ఇంకా తియ్యలేదు.