మార్చుకోనిచ్చే శిక్షణ పాఠాలు: నాలుగేళ్లు వాడిన తర్వాత

టీచర్లు తమకు తామే నేర్చుకోవడానికి ఇచ్చిన ఈ శిక్షణ పాఠాలతో (వీటిని యూనిట్లు అంటారు) నేను మొట్టమొదట చేసిన పని ఒక వాక్యం కొట్టేయడం. ‘బెంచీలు జరిపి పిల్లలను ఆరు గ్రూపులుగా కూర్చోబెట్టండి’ అని ఉంది. మా గదిలో బెంచీలు నేలకు బిగించి ఉంటాయి. ఒకే గదిలో రెండు తరగతులు, టీచర్ని నేనొక్కదాన్నే. ఆ వాక్యం తీసేసి, ‘పక్కపక్కన ఉన్న ఇద్దరూ ముందు మాట్లాడుకోవాలి, తర్వాత వెనక్కి తిరిగి వెనక బెంచీ వాళ్లకు చెప్పాలి’ అని రాసుకున్నాను. సేవ్ నొక్కాక కాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను. అన్నేళ్ల సర్వీసులో ఒక శిక్షణ పుస్తకాన్ని నా క్లాసుకు తగ్గట్టు దిద్దుకోవడం అదే మొదలు.

నేను ఈ సమీక్ష రాస్తున్నది ఆ ఒక్క సౌకర్యం కోసమే. ప్రతి యూనిట్‌కీ పీడీఎఫ్‌తో పాటు, దిద్దుకోవడానికి వీలైన మామూలు డాక్యుమెంట్ ఫైల్ కూడా ఇచ్చారు. మిగతా అమరిక చాలామందికి తెలిసిందే. ఆఫ్రికా దేశాల టీచర్ల కోసం 2005లో మొదలైన టెస్సా పాఠాల పద్ధతే ఇందులోనూ కనిపిస్తుంది. ముందు ఒక టీచరు అనుభవం, తర్వాత మన క్లాసులో చేయాల్సిన కృత్యం, చివర దానికి కావలసిన సామగ్రి.

వీడియోలు కూడా ఉన్నాయి గానీ వాటి గురించి నేనేమీ చెప్పలేను. మా దగ్గర ఉన్న నెట్‌తో రెండు నిమిషాల వీడియో కూడా పూర్తిగా తెరుచుకోదు. డాక్యుమెంట్లు మాత్రం మెమరీ కార్డులో వేసుకుని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు.

ఉచితంగా దొరికేదంతా ఓపెన్ (అంటే ఎవరైనా మార్చుకుని పంచుకోగలిగేది) కాదని నాకు తెలిసొచ్చింది మాత్రం ఈ యూనిట్ల వల్ల కాదు, అంతకుముందు వాడిన వేరే పుస్తకం వల్ల. అందులో చదవడం నేర్పే అధ్యాయం చాలా నచ్చి, మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని తెలుగులోకి రాశాను. తీరా పదిమందికీ పంపబోయే ముందు అట్ట చివర చూస్తే, పుస్తకాన్ని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గుర్తు పక్కన ‘ఎన్‌డీ’ అని ఉంది. మార్పులు చేసినదాన్ని ఇతరులకు పంచకూడదని దాని అర్థం. అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది. నేను చదువుకోవచ్చు, పంచలేను. ఆ ఫైల్ ఇప్పటికీ నా ఫోన్‌లో అలాగే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఓపెన్ విద్యా వనరులు అనే మాట యునెస్కో సమావేశంలో పుట్టింది 2002లో. కానీ లైసెన్సు గుర్తు పక్కనుండే రెండు మూడు అక్షరాలు చూడాలని మాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

ఈ యూనిట్లకు ఉన్నది ‘బీవై ఎస్ఏ’ లైసెన్సు. అసలు రాసినవారి పేరు చెప్పాలి, ఏం మార్చామో చెప్పాలి, మన ఫైల్‌ను కూడా అదే షరతుతో వదలాలి. అంతే.

నాకు చాలా మేలు చేసిన యూనిట్ ప్రశ్నలు అడగడం మీద ఉన్నది. అందులో కృత్యం ఇది: ‘మీ పాఠంలో పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, ఒక్కరే కూర్చుని వినండి. మీరు ప్రశ్న అడిగాక, మళ్లీ మీరే మాట్లాడేలోపు ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టండి.’ నా పాఠం చూసి చెప్పేవాళ్లు ఎప్పుడూ లేరు. పైనుంచి వచ్చినవాళ్లు రిజిస్టర్లు చూసి వెళ్లిపోతారు. ఫోన్ బల్ల మీద పెట్టి, పాఠం చెప్పి, రాత్రి ఇంట్లో విన్నాను. ఎక్కడా ఒక సెకను కూడా ఆగలేదు! ప్రశ్న అడుగుతున్నాను, వెంటనే ఒకరి పేరు పిలుస్తున్నాను, వాళ్లు నోరు తెరిచేలోపు జవాబు నేనే చెప్పేస్తున్నాను. పిల్లలకు ఏమీ రాదని అన్నాళ్లూ అనుకున్నదాన్ని, ఆ రికార్డింగ్ రెండోసారి వినలేకపోయాను.

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే సైన్స్ క్లాసులను రికార్డు చేసి ఇదే గమనించారని ఆ యూనిట్‌లో ఉంది. టీచర్లు సగటున సుమారు ఒక సెకనే ఆగేవారట. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’ అనడం, అసలు నోరు మెదపకపోవడం తగ్గాయి. ఆగాల్సిన చోట్లు రెండని కూడా ఆమె చెప్పారు. ప్రశ్న అడిగాక ఒకసారి, పిల్లవాడు జవాబు చెప్పాక ఇంకోసారి.

మర్నాడు చల్లటి నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, ‘బయట ఈ తడి ఎక్కడిది?’ అని అడిగి ఊరుకున్నాను. మనసులో మూడు లెక్కపెట్టడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. చేతిలో సుద్దముక్క నలిపేస్తూనే ఉన్నాను. ముందు బెంచీలోంచి ఒక పాప, ‘గ్లాసుకు సన్నటి చిల్లు ఉందేమో’ అంది. మామూలుగా అయితే ‘కాదు, కూర్చో’ అనేదాన్ని. ఆ రోజు మళ్లీ ఆగాను. వెనక బెంచీలో, ఏడాదంతా నోరు విప్పని బాబు ఒకడు మెల్లగా అన్నాడు: ‘చిల్లే అయితే వేడినీళ్లు పోసినా కారాలి కదా. మరి కారదే.’ ఆ మాట మీద క్లాసంతా ఇరవై నిమిషాలు వాదించుకుంది. గాలిలో ఉండే ఆవిరి దగ్గరికి వాళ్లే వచ్చారు. నేను అందించింది ఒక్క మాటే.

ఈ సంగతి నా ఫైల్‌లో, అసలు టీచరు అనుభవం ఉన్న చోట రాశాను. పక్కనే రెండు తరగతులున్న గదిలో ఈ పని ఎలా నడిపించానో కూడా రాశాను. ఎనిమిది పేజీల యూనిట్‌ను రెండు పేజీలు చేసి, తెలిసిన టీచర్లకు వాట్సాప్‌లో పంపాను. ఇక్కడి వరకూ నేను రాసిన మెప్పులో కొంత వెనక్కి తీసుకోవాల్సింది ఇక్కడే.

రెండు నెలల తర్వాత ఒక టీచరు ఫోన్ చేశారు. మంచి పనిమంతురాలు, అప్పుడే ఉద్యోగంలో చేరారు. ‘మేడమ్, మీరు పంపిన కాగితంలో ఉన్నట్టే చేస్తున్నాను. పిల్లలు గోల చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది’ అన్నారు. ఏం ప్రశ్నలు అడుగుతున్నారమ్మా అంటే, ‘ఎక్కాలు, మేడమ్. ఏడెనిమిదులెంత అని అడిగి మూడు సెకన్లు ఆగుతున్నాను’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆలోచించాల్సిన ప్రశ్నలకే ఇలా ఆగాలని, గుర్తున్నది ఠక్కున చెప్పే ప్రశ్నలకు ఇది అక్కర్లేదని అసలు యూనిట్‌లో ఒక పేరా ఉంది. రెండు పేజీల్లో ఇమడాలని దాన్ని తీసేసింది నేనే. నాకు తెలిసిన విషయం కాబట్టి అనవసరం అనిపించింది. తను మాత్రం ఆ రెండు పేజీలనే నమ్ముకుని, మరెవర్నీ అడిగే వీలు లేక, రెండు నెలలు ఇబ్బంది పడ్డారు.

ఆ పేరా ఇప్పుడు నా ఫైల్‌లో మొదటి పేజీలోనే ఉంది. ఎప్పుడు మార్చానో, ఏం తీసేశానో, అసలు ఫైల్ ఎక్కడ దొరుకుతుందో కూడా పైన రాస్తున్నాను. అయినా పాత రెండు పేజీలు ఎంతమంది ఫోన్లలో తిరుగుతున్నాయో తెలీదు. ఒకసారి ఫార్వర్డ్ అయినదాన్ని వెనక్కి పిలవలేం కదా. ఇలాంటివి తయారుచేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ప్రతి కృత్యం పక్కన ‘ఇది మార్చుకోవచ్చు’, ‘ఇది మాత్రం తీసేయొద్దు’ అని రెండు ముక్కలు రాయండి. సలహా చెప్పే మనిషి పక్కన లేనివాళ్ల కోసమే కదా ఇవన్నీ. ఏది తీయకూడదో చెప్పేవాళ్లు కూడా వాళ్లకు ఉండరు.

తీసుకోవచ్చా అని అడిగితే, నాలా కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఒంటరిగా పనిచేస్తూ, ఫోన్‌లో తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లయితే వెంటనే తీసుకోండి అంటాను. ఇంత ఉపయోగపడిన శిక్షణ నాకు మరొకటి లేదు. కొత్తగా చేరినవాళ్లయితే మొదటి ఏడాది ఉన్నదున్నట్టుగా వాడి, ఆ తర్వాతే దిద్దుకోవడం మంచిదనిపిస్తుంది. వారానికొకసారైనా ఫోన్ చేసి మాట్లాడుకోవడానికి ఇంకో టీచరు ఉంటే ఈ మాట కూడా పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు ఆ అమ్మాయీ నేనూ ప్రతి ఆదివారం మాట్లాడుకుంటున్నాం. పోయిన వారం తన రికార్డింగ్ పంపింది. ఇంకా వినాలి.