మన్యం పితూరీ దారిలో: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

లంబసింగి మంచు చూసి వెనక్కి వచ్చేసేవాళ్లకు ఒక మాట. అదే దారిలో కాస్త ముందుకెళ్తే చింతపల్లి. మన్యం పితూరీలో, అంటే బ్రిటిష్ వాళ్ల మీద కొండవాళ్ల తిరుగుబాటులో, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట పడింది అక్కడి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు పట్టుకెళ్లారు.

మనకు సీతారామరాజు పేరు తెలిసినంతగా ఆయనతో కలిసి పోరాడిన గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ముల పేర్లు తెలియవు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేసినప్పుడు డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. పోడు (అడవి నరికి చేసే సాగు) మీద అడవి చట్టాల ఆంక్షలు సరేసరి. ఘాట్‌లో బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే నాకు ఆ కూలీలే గుర్తొచ్చారు. రాజు రాకముందే ఈ అన్నదమ్ములకు బాస్టియన్‌తో తగాదా ఉంది.

కృష్ణదేవిపేటలో రాజు సమాధి, గంటందొర సమాధి ఒకే ఆవరణలో ఉన్నాయి. రాజును 1924 మే 7న, గంటందొరను జూన్‌లో చంపారు. పట్టుబడిన మల్లుదొరకు ఉరిశిక్ష పడి, యావజ్జీవంగా మారింది; అండమాన్ పంపారు. ఆయనే 1952లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంట్‌గా లోక్‌సభకు గెలిచాడు! ఈ సంగతి అక్కడ గేటు దగ్గరే పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. ఇంకో వింత: రాజు పేరుతో జిల్లా వచ్చింది గానీ సమాధి ఉన్న ఊరు మాత్రం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది.

తాజంగి దగ్గర గిరిజన సమరయోధుల మ్యూజియం మేం వెళ్లేసరికి ఇంకా కడుతున్నారు. దానికోసమే వెళ్లేట్టయితే ముందు కనుక్కోండి.

బస సంగతికొస్తే, లంబసింగిలో టెంట్ దండగ. వారాంతం రేటు ఫోన్‌లో ఒకటి, దిగాక ఇంకొకటి చెప్పారు. వేడినీళ్లకు వేరే డబ్బులు. తెల్లారకముందే మంచు చూడాలన్న పట్టుదల లేకపోతే నర్సీపట్నంలో లాడ్జి తీసుకోండి, మామూలు గదే అయినా శుభ్రంగా ఉంది. చింతపల్లికి, కృష్ణదేవిపేటకి రెండింటికీ అక్కణ్ణుంచే బస్సులు. ఘాట్‌కి మాత్రం ఆర్టీసీ డ్రైవర్‌నే నమ్ముకోవడం మంచిది. రాజవొమ్మంగి కూడా కలుపుకోవాలంటే కారు మాట్లాడుకోవాల్సిందే, బస్సులతో పూట గడిచిపోతుంది.