ముందు ఎఫ్8, తర్వాతే ఆట: డాస్‌బాక్స్ మిడి రికార్డింగ్ గురించి

పాత డాస్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లో నడిపించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ ఎలా పెట్టుకోవాలో ఇక్కడ చెప్పను, పాత ఆటల పిచ్చి ఉన్నవాళ్లకు అది తెలిసిందే. కొన్నేళ్లుగా నేను దాన్ని ఆడటానికన్నా పాత అడ్వెంచర్ గేముల సంగీతం లాగడానికే వాడుతున్నా. అందులో ఒక్క సదుపాయం నాకు ప్రాణం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్8 కలిపి నొక్కితే ఆట పంపే మిడి, అంటే ఏ స్వరం ఏ వాయిద్యంతో ఎప్పుడు మోగాలో చెప్పే ఆదేశాలు, అంతా ఉన్నదున్నట్టు ఫైల్లోకి ఎక్కుతుంది.

ఎప్పుడు నొక్కాలన్నదే తిరకాసు. 1989 నాటి స్పేస్ క్వెస్ట్ 3 ఆట, మిడి ఆదేశాలను సంగీతంగా వాయించే రోలాండ్ ఎంటీ-32 అనే పెట్టె మీద మోగేటప్పుడు, ముందు తన సొంత వాయిద్యాల సెట్టింగులు ఆ పెట్టెకు పంపుతుంది, పాట ఆ తర్వాతే. మధ్యలో రికార్డింగ్ మొదలుపెడితే స్వరాలొస్తాయి, వాయిద్యాలు రావు. అలాంటి ఫైలొకటి విండోస్ ప్లేయర్‌లో మోగుతుంటే మా తమ్ముడు పక్క గదిలోంచి వచ్చి, "ఏందన్నా ఇది, బ్యాండుమేళమోళ్లు తాగొచ్చి వాయించినట్టుంది" అన్నాడు. ఎంటీ-32 వాయిద్యాల నంబర్లు ఏ నంబరుకు ఏ వాయిద్యమో చెప్పే, విండోస్ కూడా వాడే జనరల్ మిడి అనే ఉమ్మడి పద్ధతి (1991) కంటే ముందువి, రెంటికీ పొంతన కుదరదు.

అయితే ఆట తెరవకముందే, ఖాళీ డాస్ ప్రాంప్ట్ దగ్గరే ఆ కీలు నొక్కి పెట్టొచ్చు. మొదటి మిడి డేటా వచ్చేదాకా డాస్‌బాక్స్ ఓపిగ్గా కాచుకుంటుంది. అలా తీసిన ఫైలును మంట్ అనే ఎంటీ-32 ఎమ్యులేటర్‌లో (ఆ పెట్టెను కంప్యూటర్లోనే అనుకరించే ప్రోగ్రామ్) వేస్తే, పాట కంటే ముందే దాని బుల్లి ఎల్‌సీడీ మీద "ఇన్సర్ట్ బకజాయిడ్" అని వచ్చింది! బకజాయిడ్ అంటే ఆ ఆటలో చెల్లే నాణెం. ఫైలు మోగించేటప్పుడు ఆట అసలు తెరిచే లేదు, అయినా ఆ కొంటెతనం ఫైల్లో భద్రంగా ఉంది. ఆ పూట అన్నం సంగతే మర్చిపోయా.

ప్రాణం అన్నాను గానీ, మంకీ ఐలాండ్ 2 అనే ఆట దగ్గర కాస్త చల్లబడ్డా. అందులో ఆటగాడు చేసేదాన్నిబట్టి సంగీతాన్ని మార్చే ఐమ్యూజ్ పద్ధతి వల్ల వుడ్‌టిక్ ఊళ్లో మనం ఏ తలుపు తీసి లోపలికెళ్తే దాన్నిబట్టి పాట మారుతుంది. రికార్డయ్యేది నా నడకే. గుమ్మం దగ్గర తచ్చాడితే పాటా అక్కడే తిరుగుతుంది. తర్వాత కోతలు, అతుకులు తప్పవు.

మిడిని వేవ్‌గా, అంటే మామూలు ఆడియో ఫైలుగా మార్చడం ఆ మంట్ ప్రోగ్రామే చేసిపెడుతుంది, అందులో వంక లేదు. కాకపోతే అది పనిచేయడానికి కావాల్సిన ఎంటీ-32 రోమ్ ఫైళ్లు (అసలు పెట్టె లోపలి డేటా) దానితో రావు, అవి రోలాండ్ సొత్తు.

అనంతపురం, తాడిపత్రి మధ్య బస్సులో ఫోన్లో వినాలి కాబట్టి నాకీ తంటా తప్పదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుతూ వినేవాళ్లయితే పాత అడ్వెంచర్ గేములు నడిపించే స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్‌లోనే ఎంటీ-32 ఎమ్యులేషన్ ఉంది, రోమ్‌లు పెట్టుకుంటే అదే చాలు.